పార్క్‌లేన్‌లో పాత మ్యాక్

సికింద్రాబాద్‌లో ప్యారడైజ్ అనగానే ఎవరికైనా బిర్యానీ గుర్తొస్తుంది. అక్కడ మెట్రో దిగి, ఆ ఘుమఘుమలను ఎలాగోలా దాటుకుని పార్క్‌లేన్‌లోకి తిరిగితే ఇంకో వాసన మొదలవుతుంది. సోల్డరింగ్ సీసం కరిగే వాసన, అప్పుడే విప్పిన థర్మోకోల్ వాసన, ఎక్కడో మూలన మరుగుతున్న ఇరానీ చాయ్ వాసన... అన్నీ కలగలిసి. చెనాయ్ ట్రేడ్ సెంటర్ అంటే ఆటోవాలా కూడా ఒక్క క్షణం ఆలోచిస్తాడు. సీటీసీ అనండి, తిన్నగా తీసుకొచ్చి గేటు ముందు దించుతాడు.

2024 జూన్‌లో ఓ శనివారం పొద్దున నేనూ, మా మేనకోడలూ ఆ మెట్లెక్కాం. ఆదివారమైతే చాలా దుకాణాలకు తాళాలే కనిపిస్తాయి. అందుకే కాజీపేట నుంచి తెల్లవారుజాము రైలెక్కి వచ్చేసింది తను. భుజాన సంచి. సంచిలో పాత తువ్వాలు చుట్టిన తెల్లటి ల్యాప్‌టాప్. పసిపిల్లను ఎత్తుకున్నట్టు రెండు చేతులతో సంచిని పొట్టకు ఆనించి పట్టుకుంది.

''మామా, ఇక్కడ దొంగలుంటరా?''

''దొంగలు కాదుగానీ... జాగ్రత్తగానే పట్టుకో.''

అంత జాగ్రత్త ఎందుకో చెప్పాలంటే ఆ ల్యాప్‌టాప్ కథ చెప్పాలి.

అందులో నాన్న ఉన్నాడు

మా అన్నయ్య న్యూజెర్సీలో ఉద్యోగంలో చేరిన కొత్తలో, 2007లో కొనుక్కున్న యాపిల్ మ్యాక్‌బుక్ అది. రెండేళ్ల తర్వాత సెలవులకు వచ్చినప్పుడు దాన్ని నాన్నకు ఇచ్చి వెళ్లాడు. రైల్వేలో చేసి రిటైరైన మనిషి మా నాన్న. అప్పటిదాకా ఆయన వాడిన అతి పెద్ద యంత్రం ఇంట్లో టేప్‌రికార్డరే. అలాంటిది ప్రతి ఆదివారం రాత్రి తొమ్మిది అయ్యేసరికి ఉతికిన చొక్కా తొడుక్కుని దాని ముందు కూర్చునేవాడు. తెర పైన కెమెరా పక్కన చిన్న పచ్చదీపం వెలిగితే గానీ నోరు విప్పేవాడు కాదు. 2015లో ఆయన పోయాక దాన్ని మళ్లీ ఎవరూ తెరవలేదు. అమ్మ బీరువాలో చీరల కింద పెట్టేసింది.

తొమ్మిదేళ్ల తర్వాత మేనకోడలు డిగ్రీలో చేరుతోంది, కంప్యూటర్స్ గ్రూపు. కొత్త ల్యాప్‌టాప్ కొనే పరిస్థితి ఆ ఏడాది అక్కావాళ్లకు లేదు. బావ ఆపరేషన్‌కు తెచ్చిన అప్పు ఇంకా తీరలేదు. నేను కొనిస్తానంటే అక్క ఒప్పుకోలేదు. అప్పుడు అమ్మే అంది, బీరువాలో ఉన్నది ఇస్తానని. కానీ ఒక్క షరతు. ''అందులో మీ నాన్న ఉన్నడు. ఆయన పోకుండ ఏమన్న చేస్కోండ్రి.''

బీరువాలోంచి తీసి ఛార్జరు పెడితే విచిత్రంగా మోగింది. మ్యాక్‌లు లేచేటప్పుడు చేసే 'భాం...' అనే ఆ గంభీరమైన చప్పుడు. తేదీ చూస్తే 2001 జనవరి 1. లోపలి గడియారానికి ప్రాణం పోతే ఈ యంత్రాలు ఆ రోజుకు వెళ్లి కూర్చుంటాయి. తేదీ సరిచేసినా సగం వెబ్‌సైట్లు తెరుచుకోలేదు. ఆ గుట్టు తర్వాత తెలిసింది. వెబ్‌సైట్లు నమ్మకమైనవేనని చెప్పే ధ్రువపత్రాలు ఉంటాయి. చాలా సైట్లు ఆనుకుని ఉన్న ఓ పాత ధ్రువపత్రం 2021 సెప్టెంబర్ 30తో గడువు తీరింది. కొత్తది ఇలాంటి పాత యంత్రాల్లో ఉండదు. తెరుచుకున్న ఒకటి రెండు సైట్లలో తెలుగు అక్షరాలన్నీ గళ్లు గళ్లుగా కనిపించాయి. దాంట్లో ఉన్నది 2009 నాటి 'స్నో లెపర్డ్'. మ్యాక్‌లకు తెలుగు అక్షరాలు వచ్చింది దాని తర్వాతి దాంట్లో, 2011లో. వీటన్నిటికంటే భయపెట్టింది ఇంకోటి. ఎడమచేతి కింద, హార్డ్‌డిస్కు ఉన్నచోట, ఉండుండి ఓ శబ్దం. టిక్... టిక్... టిక్.

ఇలాంటి యంత్రానికి మిగిలిన దారి లినక్స్. 1991లో ఫిన్లాండ్ కుర్రాడు లైనస్ టోర్వాల్డ్స్ మొదలుపెట్టాడు. ప్రపంచమంతా కలిసి పెంచింది. డబ్బులు కట్టక్కర్లేదు. కంపెనీలు వదిలేసిన పాత కంప్యూటర్లలోనూ నడుస్తుంది. మేనకోడలు కాలేజీ సీనియర్ల దగ్గర ఓ పెన్‌డ్రైవ్‌లో లినక్స్ ఎక్కించుకుని వచ్చింది. పెట్టి చూస్తే మ్యాక్ దాన్ని గుర్తే పట్టలేదు. పది సార్లు పెట్టినా అంతే. కాజీపేటలోనూ హనుమకొండలోనూ రెండు దుకాణాల్లో అడిగితే ఒకే మాట... ''ఫార్మాట్ కొట్టి చూద్దాం.'' ఫార్మాట్ కొడితే నాన్న పోతాడు. అందుకే ఈ ప్రయాణం.

మానిటర్ ఒళ్లో పెట్టుకుని...

సీటీసీకి నేను మొదటిసారి వచ్చింది 2004లో. పక్కన నాన్న. అప్పట్లో ఇక్కడ నడవడానికి చోటుండేది కాదు. ప్రతి దుకాణం ముందూ ఓ కాగితం... ర్యామ్ ఇంత, మదర్‌బోర్డు ఇంత, క్యాబినెట్ ఇంత అని ఆ రోజు రేట్లు. జనం దాన్ని చేత్తో పట్టుకుని పై అంతస్తుకూ కింది అంతస్తుకూ తిరిగేవారు, వంద రూపాయల తేడా కోసం. మేమూ తిరిగాం. సాయంత్రానికి ఓ కంప్యూటర్ తయారైంది. ఆ గాజు మానిటర్ డబ్బాను ఆటోలో ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు నాన్న. స్టేషన్ దాకా దాని అవతల ఆయన మొహం నాకు కనపడలేదు.

ఇప్పుడు ఆ రేట్ల కాగితాలు లేవు. సగం వ్యాపారాన్ని ఆన్‌లైన్ లాక్కుంది. కానీ ల్యాప్‌టాప్ విప్పి బాగుచేయాలంటే, పాత సరుకు కావాలంటే, ఎక్కడా దొరకని స్క్రూ కావాలంటే ఇప్పటికీ ఇక్కడికే రావాలి. వరండాల్లో గోడవారగా కుర్రాళ్లు వరసగా కూర్చుని, కళ్లకు భూతద్దాలు పెట్టుకుని మదర్‌బోర్డుల మీదకు వంగి ఉంటారు. ఒకడి పక్కన టీ గ్లాసు, ఇంకొకడి పక్కన ఉస్మానియా బిస్కెట్ పొట్లం. నెత్తిన నాలుగు డబ్బాలతో మెట్లు దిగేవాడు 'సైడ్... సైడ్...' అని అరుస్తాడు. జూన్ నెల కాబట్టి ఇంజినీరింగ్‌లో చేరబోయే పిల్లలు, వాళ్ల వెనక చేతిసంచులతో తల్లిదండ్రులు. తండ్రులందరి మొహాల్లోనూ ఒకటే లెక్క నడుస్తున్నట్టు ఉంది.

మొదటి రెండు దుకాణాల వాళ్లు మా తువ్వాలు విప్పగానే నవ్వారు. ''స్క్రాప్‌కి ఇస్తరా?'' అన్నాడొకాయన. మూడో ఆయన నవ్వలేదు. ల్యాప్‌టాప్ తిరగేసి, మోచేతులు ఆనేచోట ప్లాస్టిక్ పగిలిన అంచును వేలితో తడిమాడు. ''ఈ మోడల్ అన్నింటికీ ఇక్కడే పగుల్తది'' అని పైకి చూశాడు. ''పై అంతస్తుల ఓ పెద్దాయన ఉంటడు. మ్యాక్‌లు ఆయనకే. లిఫ్టు రాదు, నడవుండ్రి.''

రూపాయి బిళ్ల ఆపరేషన్

పెద్దాయనది గది అనడానికీ లేదు. బీరువాను అడ్డంగా పడుకోబెట్టినంత జాగా. అరవై దాటి ఉంటాయి. ఒకప్పుడు డీటీపీ చేసేవారట. పెళ్లిపత్రికలూ, ఎన్నికల కరపత్రాలూ మ్యాక్‌ల మీదే కంపోజు చేసిన రోజులు చూసిన మనిషి. అలమరలో నీలిరంగు పారదర్శకపు ఐమ్యాక్ ఒకటి, గుండ్రటి మూతున్న ఐబుక్ ఒకటి... పెళ్లివారింట్లో పాత ఇత్తడి సామాన్లలా వరసగా ఉన్నాయి.

మేం చెప్పిందంతా విన్నారు. టిక్ టిక్ శబ్దం గురించి చెప్పగానే చెయ్యెత్తి ఆపేశారు. ''దీన్ని ఇప్పటినుంచి ఆన్ చేయొద్దు. ముందు అందులున్న మనిషిని బయటికి తీద్దాం. లినక్స్ సంగతి తర్వాత.''

జేబులోంచి రూపాయి బిళ్ల తీశారు. ఆ మ్యాక్‌బుక్ అడుగున చిన్న గాడి ఉంటుంది. అందులో బిళ్ల పెట్టి పావు తిప్పు తిప్పితే బ్యాటరీ ఊడి చేతిలోకి వస్తుంది. ఇప్పటి ల్యాప్‌టాప్‌లు విప్పాలంటే జిగురు కరిగించాలి, ప్రాణం మీదకు వస్తుంది. దీనికి బిళ్ల చాలు. బ్యాటరీ తీస్తే లోపల 'ఎల్' ఆకారంలో ఓ రేకు, దానికి మూడు స్క్రూలు. అది తీస్తే ఒకపక్క హార్డ్‌డిస్కు, ఇంకోపక్క ర్యామ్. డిస్కుకు ఉన్న తెల్ల ప్లాస్టిక్ నాలుకను పట్టుకుని లాగితే జారుకుంటూ వచ్చేసింది. మేనకోడలు ఊపిరి బిగబట్టి చూస్తోంది.

ఆ 80 జీబీ డిస్కును ఆయన తన కంప్యూటర్‌కు తగిలించారు. అదీ లినక్సే. అందులో 'డీడీరెస్క్యూ' అని ఒకటుంది. చావుబతుకుల్లో ఉన్న డిస్కును మామూలుగా కాపీ చేయబోతే, చదవలేని చోట పదేపదే గోకుతూ ఉన్న ప్రాణం తీస్తుంది. ఇది అలా కాదు. బాగున్న భాగాన్నంతా ముందు లాగేసుకుని, మొండికేసిన చోట్లను గుర్తుపెట్టుకుని చివర్లో మళ్లీ అడుగుతుంది. మాట వినని పిల్లాడి దగ్గరకు అమ్మమ్మ వెళ్లినట్టు అనుకోండి.

''ఎంతసేపు పడ్తది అంకుల్?''

''దాని ఇష్టం బిడ్డా.''

ఈలోగా ఖాళీ అయిన చోట కొత్త ఎస్ఎస్‌డీ ఒకటి పెట్టాం. కింది అంతస్తులో 240 జీబీది పదిహేను వందలకు దొరికింది. డిస్కును తొట్టిలో బిగించే స్క్రూలకు నక్షత్రం ఆకారపు తల ఉంటుంది. టీ8 స్క్రూడ్రైవర్ లేకపోతే అక్కడే పని ఆగిపోతుంది. ర్యామ్ ఒక జీబీయే ఉంది. రెండేసి జీబీలవి రెండు పెట్టించారు. ''నాలుగు పెట్టినా దీన్కి మూడే కనపడ్తయి. అయినా జోడీగా పెడ్తేనే మంచిది'' అన్నారు. పాత ర్యామ్ ముక్కలు ఓ డబ్బాలో పప్పుబద్దల్లా కుప్పగా ఉన్నాయి. వెతికి తీసి, రబ్బరుతో కాళ్లు తుడిచి మరీ బిగించారు.

ఒక్క ఖాళీ డిస్కు కోసం

ఇక పెన్‌డ్రైవ్ ఎందుకు పనిచేయలేదో అడిగాం.

''ఇంట్ల ఉన్న పెద్దమనిషికి రెండు భాషలూ వస్తయి. గుమ్మం కాడ వాచ్‌మన్‌కి ఒక్కటే వస్తది. మీరేమో వాచ్‌మన్‌తోని పెద్దమనిషి భాష మాట్లాడ్తున్నరు.''

సంగతేమిటంటే ఈ మ్యాక్‌బుక్ ప్రాసెసర్ 64 బిట్లది. కానీ మీట నొక్కగానే ముందు నిద్రలేచే ఫర్మ్‌వేర్ మాత్రం 32 బిట్లది. 2006, 2007 నాటి ఇంటెల్ మ్యాక్‌లలో ఇదే తంటా. ఇప్పటి లినక్స్‌లు చాలావరకు 64 బిట్ల వాకిలితోనే వస్తాయి. వాచ్‌మన్‌కు అర్థంకాదు, లోపలికి రానివ్వడు. పాత పద్ధతిలో పలకరిస్తే వింటాడు. కానీ ఆ పద్ధతి ఈ తొలినాటి మ్యాక్‌లలో పెన్‌డ్రైవ్ నుంచి పనిచేయదు. డిస్కు నుంచే పనిచేస్తుంది. అంటే మనం పదేళ్ల కిందట మర్చిపోయిన సీడీ కావాలి.

ఆయన సొరుగులో ఒకే ఒక్క ఖాళీ డీవీడీ ఉంది. మేనకోడలు పెన్‌డ్రైవ్‌లో ఉన్న లినక్స్‌నే దానిమీద రాశారు. పక్కనున్న సన్నటి చీలికలో పెడితే గిర్రున లోపలికి లాక్కుంది. మీట నొక్కి, 'భాం' అనగానే ఆప్షన్ కీ అదిమిపట్టాలి. తెరమీద డిస్కు బొమ్మ వచ్చింది. ముగ్గురం సంతోషించాం. ఎంటర్ నొక్కితే... నల్లటి తెరమీద 1, 2 అని రెండు అంకెలు. కింద 'సెలెక్ట్ సీడీ-రామ్ బూట్ టైప్' అనే ప్రశ్న. ఒకటి నొక్కాం. రెండు నొక్కాం. కీబోర్డంతా నొక్కాం. ఉలుకూ పలుకూ లేదు.

పెద్దాయన తలకొట్టుకున్నారు. ''నాదే తప్పు. ఇది నాకు తెల్సు, మర్చిపోయిన.'' కొత్త డిస్కుల్లో రెండు వాకిళ్లుంటాయి, పాతదొకటి, కొత్తదొకటి. ఆ రెంటినీ చూసి ఈ పాత మ్యాక్ 'ఏది కావాలి' అని అడుగుతుంది. అడిగి, జవాబు వినడం మర్చిపోతుంది. దీనికోసమే డెబియన్ లినక్స్ వాళ్లు పేరులోనే 'మ్యాక్' అని పెట్టి ఒకే వాకిలి ఉన్న ప్రత్యేకమైన డిస్కును తయారుచేశారు. 2023లో వచ్చిన డెబియన్ 12లోనూ అది ఉంది. ఓ మామూలు సీడీలో పట్టేంతే. దించుకోవడానికి పది నిమిషాలు పట్టింది.

రాయడానికి సీడీ ఏదీ?

అలా మొదలైంది మా వేట. కంప్యూటర్లకు పేరుపడ్డ ఈ బజారులో ఒక్క ఖాళీ సీడీ కోసం మూడు అంతస్తులు దిగి నాలుగు అంతస్తులు ఎక్కాం. ''సీడీయా?'' అని ఒకతను మ్యూజియం దారి అడిగినట్టు చూశాడు. ఇంకొకతను తన దగ్గర సీడీలు పెట్టే సంచులున్నాయి, సీడీలు లేవన్నాడు. మరో చోట దొరికిందని సంబరపడితే అది ప్రింటర్‌తో వచ్చిన డ్రైవర్ సీడీ. 2004లో ఇదే వరండాలో యాభై డిస్కుల బొత్తులు కుప్పలుగా పోసి అమ్మేవారు. చివరికి ఓ చాయ్ బండి అతను చెప్పాడు, రోడ్డు అవతల పెళ్లి వీడియోల వాళ్లకు సామాన్లు అమ్మే దుకాణంలో అడగమని. నిజమే, అక్కడ ఉన్నాయి. పల్లెల్లో ఇంకా కొందరు పెళ్లి డీవీడీలు అడుగుతారట. ''యాభైల బొత్తి, విడిగా రాదు'' అన్నాడు కౌంటర్లో అబ్బాయి. మేనకోడలు మొహం చూసి ఏమనుకున్నాడో, తను వాడుకునే బొత్తి పైనుంచి రెండు తీసిచ్చాడు. డబ్బులు తీసుకోలేదు. ఒకటి పాడైతే ఇంకోటి ఉంటుందని తనే అన్నాడు!

తెలుగులో పలకరించింది

ఈసారి ఆప్షన్ కీ పట్టుకుంటే డిస్కు బొమ్మ కింద ఓ పేరు కనిపించింది... 'విండోస్' అని. యాపిల్ యంత్రంలో లినక్స్ డిస్కు పెడితే విండోస్ అంటుందేమిటని మేనకోడలు పకపకా నవ్వింది. పాత పద్ధతిలో లేచే ఏ డిస్కునైనా మ్యాక్ అలాగే పిలుస్తుందట. దానికి తెలిసిన పరాయివాడు అతనొక్కడే మరి.

నొక్కాం. డిస్కు గుర్రుమంది. ఒక నిమిషం... రెండు... ఆ తర్వాత ఏ భాష కావాలో ఎంచుకొమ్మని ఓ పొడవాటి జాబితా. ఆ జాబితాలో కిందికి వెళ్తే 'తెలుగు' అని తెలుగులోనే ఉంది. పొద్దున్నుంచి గళ్లు చూసి చూసి ఉన్నామేమో, ఆ మూడక్షరాలు చూడగానే ఎంత హాయిగా అనిపించిందో! ఎవరో ఒక కంపెనీ చేయించింది కాదు ఆ తెలుగు. ఎక్కడెక్కడో ఉన్న తెలుగువాళ్లు ఉద్యోగాలయ్యాక రాత్రిళ్లు కూర్చుని, ఒక్కో మాటా ఉచితంగా అనువదించి పెట్టింది. హైదరాబాద్‌లో 'స్వేచ్ఛ' సంస్థ ఏళ్ల తరబడి చేసిన పని కూడా ఇలాంటిదే. పోతన, వేమన పేర్లతో ఉన్న తెలుగు ఫాంట్లు కూడా ఇందులో అడిగితే వచ్చేస్తాయి.

మిగతా సరంజామా అంతా ఇంటర్నెట్ నుంచి దించుకోవాలి. ఈ మ్యాక్‌బుక్‌కు నెట్ కేబుల్ పెట్టే బొర్రె ఉంది. ఇప్పటి సన్నటి ల్యాప్‌టాప్‌లు చాలావాటికి అది లేదు. పెద్దాయన తన కేబుల్ ఊడదీసి మాకిచ్చి, టీకి వెళ్దామన్నారు.

టీ తాగుతూ ఆయన చెప్పిన సంగతులు రాయాలంటే ఇంకో వారం పడుతుంది. పాత రంగుల మ్యాక్‌ల తంటాలు వేరు. వాటిలో ఉండేది ఇంటెల్ కాదు, పవర్‌పీసీ చిప్. సీడీ నుంచి లేపాలంటే 'సి' కీ పట్టుకోవాలి. అదీ కుదరకపోతే కమాండ్, ఆప్షన్, ఓ, ఎఫ్... నాలుగూ ఒకేసారి నొక్కితే తెల్లటి తెరమీద ఆజ్ఞలు రాసే చోటు వస్తుంది. ''వీణ వాయించినట్టు ఉండాలె వేళ్లు'' అన్నారు. 1996లోనే యాపిల్ స్వయంగా చేయూతనిచ్చి ఎంకేలినక్స్ అని ఒకటి తెచ్చింది. 1999లో ఎల్లో డాగ్ అని ఇంకోటొచ్చింది. లైనస్ టోర్వాల్డ్స్ అంతటివాడూ ఒకప్పుడు పవర్‌మ్యాక్ మీదే లినక్స్ రాశాడు. 2022 జులైలో 5.19 విడుదల చేసింది కూడా యాపిల్ సొంత చిప్ ఉన్న మ్యాక్‌బుక్ ఎయిర్ నుంచే. పాత పవర్‌పీసీ వాటిని మాత్రం డెబియన్ 2017లో అధికారిక జాబితాలోంచి తీసేసింది. ఆ తర్వాత కొందరు ఔత్సాహికులే వాటిని నిలబెడుతూ వచ్చారు. ''అలమరల ఉన్నవి అందుకే పారేయలె'' అన్నారాయన. అందుకే అన్నారుగానీ, వాటిని చూసినప్పుడు ఆయన కళ్లలో ఉన్నది వేరే ఏదో అని నాకనిపించింది.

తిరిగొచ్చేసరికి పని పూర్తయింది. డిస్కు బయటికి తీసి మీట నొక్కాం. తెల్లటి తెర. ఐదు సెకన్లు. పది. ఇరవై. మేనకోడలు నా చెయ్యి పట్టుకుంది. ముప్ఫై దగ్గర నల్లగా మారి, చకచకా లేచి కూర్చుంది. పాత పద్ధతిలో లినక్స్ పెట్టినప్పుడు ఈ మ్యాక్ ముందు తనవాళ్ల కోసం ఇల్లంతా వెతికి, ఎవరూ లేరని తేల్చుకున్నాకే పరాయివాళ్లను పిలుస్తుంది. యాపిల్ అసలు డిస్కు ఉంటే ఒక్క ఆజ్ఞతో ఆ ఆలస్యం తప్పించవచ్చు. మా దగ్గర లేదు, వదిలేశాం.

వైఫై రాలేదు. ఇది మాత్రం చాలామందికి ఎదురయ్యేదే. మీరూ ప్రయత్నిస్తే గుర్తుంచుకోండి. ఈ మ్యాక్‌లలో కొన్నిటి వైఫై చిప్‌కు ఓ చిన్న ఫైలు కావాలి. దాన్ని పంచిపెట్టే హక్కు లినక్స్ వాళ్లకు లేదు కాబట్టి డిస్కులో ఉండదు. ఇంటర్నెట్ నుంచి తెచ్చుకోవాలి. ఇంటర్నెట్ కావాలంటే వైఫై కావాలి! పిచ్చి కుదిరితే గానీ పెళ్లి కాదు, పెళ్లయితే గానీ పిచ్చి కుదరదు. మాకు నెట్ కేబుల్ ఉంది కాబట్టి గండం గడిచింది. కేబుల్ లేనివాళ్లు స్మార్ట్‌ఫోన్‌ను యూఎస్‌బీ తీగతో తగిలించి, ఫోన్‌లో టెథరింగ్ పెట్టుకుంటే సరిపోతుంది.

పచ్చదీపం

నాలుగున్నరకు డిస్కు కాపీ పూర్తయింది. ఎక్కడో కాసింత తప్ప అంతా వచ్చిందని లెక్క చూపించింది. మ్యాక్ ఫైళ్లను లినక్స్ చదవగలదు. కానీ నాన్న ఫోల్డర్ నొక్కితే 'అనుమతి లేదు' అంది. మేనకోడలు బిక్కమొహం వేసింది. ఇదీ చిన్న చిక్కే. మ్యాక్‌లో మొదటి మనిషి నంబరు 501, లినక్స్‌లో 1000. నంబరు కలవలేదు కాబట్టి ఇంటివాళ్లు కాదనుకుంది. పెద్దాయన అధికారి హోదాలో తలుపు తెరిచారు.

ఇంకా ఒక పని ఉంది. కెమెరా. ఈ తొలినాటి మ్యాక్‌బుక్‌ల కెమెరా లినక్స్‌లో ఊరికే పనిచేయదు. దానికి కావాల్సిన ఫర్మ్‌వేర్ యాపిల్ వ్యవస్థలోనే ఓ ఫైలులో దాగి ఉంటుంది. దాన్ని అక్కణ్నుంచి తవ్వి తీసి లినక్స్‌కు ఇవ్వాలి. ఎక్కణ్నుంచి తీయాలి? నాన్న డిస్కులోంచే. ఫార్మాట్ కొట్టించి ఉంటే అదీ పోయేది. గంటసేపు కుస్తీ పట్టాక తెర పైన చిన్న పచ్చదీపం వెలిగింది. మేనకోడలి మొహం, దాని వెనక నాదీ, ఆ వెనక అలమరలో నీలిరంగు ఐమ్యాక్.

పెద్దాయన తీసుకున్న కూలి ఎంతో చెబితే ఆయన కోప్పడతారు, అంత తక్కువ. ''రెండో డీవీడీ ఇచ్చిపో బిడ్డా, నా సొరుగుల లేదు'' అని మాత్రం అడిగి తీసుకున్నారు.

ఆ రాత్రి రైలు అందుకుని నేనూ కాజీపేట వెళ్లాను. ఫొటోల ఫోల్డర్లో పదకొండు వీడియోలున్నాయి. అన్నయ్యతో మాట్లాడినవి అనుకున్నాం. కాదు. ఆయన ఒక్కడే ఉన్నాడు. ఫోన్ కలపడానికి ముందు, కెమెరా పనిచేస్తోందో లేదో చూసుకుంటూ తీసుకున్నవి. ఒకదాంట్లో గొంతు సవరించుకుని, ''నాకేం కాలే. మోకాలు తగ్గింది. నువ్వు టికెట్ తీస్కోకు'' అన్నాడు. తల అడ్డంగా ఊపి ఆపేశాడు. తర్వాతి వీడియోలో అదే మాట, కొంచెం నవ్వుతూ. దాని తర్వాతిదాంట్లో మళ్లీ అదే, ఇంకొంచెం గట్టిగా. ఆ ఏడాది ఆయన మోకాలు నొప్పితో మెట్లు దిగలేకపోయేవాడని మాకందరికీ తెలుసు, అన్నయ్యకు తప్ప.

అమ్మ పదకొండూ చూసింది. ''ఆ గీతల చొక్కా ఇంక ఉన్నది'' అని లోపలికి వెళ్లింది. అన్నయ్యకు ఆ మూడు వీడియోలూ పంపాలా వద్దా అని అక్కా నేనూ పొద్దుపోయేదాకా మాట్లాడుకున్నాం. పంపాం. రెండు రోజులు జవాబు రాలేదు. మూడో రోజు ఫోన్ చేసి, మిగతా ఎనిమిదీ పంపమన్నాడు.

మ్యాక్‌బుక్ ఇప్పుడు అక్కావాళ్లింట్లో కుట్టుమిషన్ పక్కన, ప్లగ్గు దగ్గర ఉంటోంది. బ్యాటరీ ఉబ్బిందని పెద్దాయనే తీసేశారు. కరెంటు పోతే అదీ పోతుంది. మీట నొక్కాక తెర అరనిమిషం తెల్లగానే ఉంటుంది. మేనకోడలు ఆలోపు జడ వేసుకుంటోంది.